పసిబిడ్డకు కనిపిస్తోందా, వినిపిస్తోందా: ఇంట్లో గమనించడం ఎలా?

"చప్పట్లు కొడితే మా బాబు తిరిగి చూడట్లేదు, చెవుడేమో?" "పాప కళ్లు ఒక్కోసారి పక్కకు పోతున్నాయి, మెల్లకన్నా?" నెలల బిడ్డ ఉన్న ఇళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. వీటిని తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు: "చప్పట్లకు ఉలిక్కిపడ్డాడు, వినికిడి బాగున్నట్టే కదా?" నాకు ఎక్కువ టెన్షన్ ఈ రెండో రకం వాళ్ల గురించే. భయపడ్డవాళ్లు ఎలాగూ డాక్టర్ దగ్గరికి వెళ్తారు. పరీక్షే తప్పుగా చేసి, ఫలితం బాగుందని నిశ్చింతగా కూర్చున్నవాళ్లు విలువైన నెలలు పోగొట్టుకుంటారు.

పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా బిడ్డ చూపు, వినికిడి, స్పర్శ ఎలా ఎదుగుతున్నాయో ఇంట్లో గమనించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. ఇంటి పరీక్ష అనుమానం పుట్టించగలదు గానీ, ఉన్న అనుమానాన్ని తీర్చలేదు. కింద చెప్పినవన్నీ సరిగ్గా వచ్చినా, ఆస్పత్రిలో చేయించాల్సిన వినికిడి స్క్రీనింగ్ మానేయకండి.

కావలసినవి

- ఇద్దరు పెద్దవాళ్లు. చూపుకు ఒకరు చాలు, వినికిడికి ఇద్దరూ ఉండాల్సిందే.
- చప్పుడు చేయని ముదురు రంగు బంతి ఒకటి. ఎర్రటి ఊలు ఉండైనా సరే.
- మెల్లగా మోగే గిలక్కాయ, నలిపితే చిన్నగా చప్పుడయ్యే పల్చటి కాగితం.
- ఫ్యాన్, టీవీ ఆపేయగల గది.
- నోట్‌బుక్, వీడియో తీయడానికి ఫోన్.

నలుపు తెలుపు బొమ్మల కార్డులు కొనాలా అని చాలామంది అడుగుతారు. నా మట్టుకు అక్కర్లేదంటాను. పసిబిడ్డలు ఉత్త రంగు కాగితం కంటే గీతలూ అంచులూ ఉన్న బొమ్మల్ని ఎక్కువసేపు చూస్తారని రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వవేత్త 1960ల మొదట్లోనే చూపించాడు. ఆయన వాడిన బొమ్మల్లో మనిషి ముఖం కూడా ఉంది. అది మీ దగ్గర ఉచితంగానే ఉంది. కావాలంటే తెల్లకాగితం మీద లావుపాటి మార్కర్‌తో నాలుగు నల్ల చారలు గీసుకోండి.

1. ముందు వయసు సరిగ్గా లెక్కపెట్టండి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పుట్టిన తేదీ నుంచి లెక్కేస్తే అనవసరంగా భయపడతారు. 40 వారాలకు ఎన్ని వారాలు తక్కువైతే అన్ని వారాలు తీసేయండి. 32వ వారంలో పుట్టిన బిడ్డకు ఇప్పుడు 4 నెలలైతే, 8 వారాలు తీసేసి 2 నెలల బిడ్డగా చూడాలి. ఇక్కడి వయసులన్నీ ఈ సరిచేసిన లెక్కలోనే అనుకోండి.

ఒక హెచ్చరిక: ఈ లెక్క ఎదుగుదలకే గానీ పరీక్షల తేదీలకు కాదు. నెలలు బాగా తక్కువగా పుట్టిన బిడ్డలకు రెటీనా (కంటి లోపలి తెర) పరీక్ష సాధారణంగా పుట్టిన 4 వారాలకే మొదలుపెడతారు. డాక్టర్ ఇచ్చిన తేదీని "ఇంకా చిన్నపిల్ల కదా" అని వెనక్కి జరపకండి.

2. సమయం ఎంచుకోండి

చాలా పరీక్షలు చెడేది ఇక్కడే. నిద్రమత్తులో, ఆకలితో, ఏడుపు మీద ఉన్న బిడ్డకు ఏం చూపించినా, ఏం వినిపించినా జవాబు రాదు. కళ్లు విప్పి, ఒళ్లు కదపకుండా, నిమ్మళంగా చూస్తూ ఉండే సమయం కావాలి. పుట్టిన కొత్తలో అది ఒక్కోసారి కొన్ని నిమిషాలే ఉంటుంది, పాలు తాగి కడుపు నిండిన కాసేపటికి చూడండి.

మధ్యలో ముఖం తిప్పుకోవడం, ఆవలింతలు, ఎక్కిళ్లు, వేళ్లు విచ్చుకుని బిగుసుకోవడం, వీపు విల్లులా వంచడం కనిపిస్తే ఆపేయండి. బిడ్డ "ఇక చాలు" అంటోంది. ఒకే వస్తువును పదే పదే చూపిస్తే కూడా విసుగొచ్చి చూడటం మానేస్తుంది. అది చూపులో లోపం కాదు, "ఇది ఇందాక చూసిందే" అని గుర్తుపట్టడం. మార్చి చూపిస్తే మళ్లీ చూస్తుంది.

3. చూపు

నోరు విప్పకుండా చేయాలి, ఇదొక్కటీ మర్చిపోవద్దు. మీరు "చిన్నీ, ఇటు చూడమ్మా" అంటూ బంతి తిప్పితే బిడ్డ మీ గొంతు వెంట తిరుగుతుంది, కళ్లు పనిచేస్తున్నాయని మీరు అనుకుంటారు. గలగలమనే బొమ్మతోనూ ఇదే చిక్కు.

*మొదటి నెల.* బిడ్డకు స్పష్టత చాలా తక్కువ. బాగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే, అంటే పాలిచ్చేటప్పుడు మీ ముఖం ఉండేంత దూరంలో. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, వెనక వెలుతురుంటే మీ ముఖం నల్లటి ముద్దలా కనిపిస్తుంది. వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చుని, బిడ్డ చూపు మీ మీద నిలిచాక తలను చాలా నెమ్మదిగా పక్కకు జరపండి. కళ్లు కొద్దిగా వెంట వస్తే చాలు. ఆగి ఆగి, కుదుపులతో వస్తాయి, ఈ వయసుకు అది మామూలే.

*2–3 నెలలు.* ఇప్పుడు బంతి తీసుకోండి. ఒక పక్క నుంచి మధ్య మీదుగా రెండో పక్కకు తిప్పితే 3 నెలల బిడ్డ కళ్లతో, తలతో వెంట రావాలి. వేగంగా తిప్పడం అందరూ చేసే పొరపాటు, ఈ చివరి నుంచి ఆ చివరికి మనసులో పది లెక్కపెట్టుకుంటూ తిప్పండి. బంతిని పట్టించుకోకపోతే మీ ముఖంతోనే చేయండి. 6–8 వారాల మధ్య బిడ్డ మిమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెడుతుంది. మాట్లాడకుండా నవ్వి చూడండి. మౌనంగా నవ్వినా తిరిగి నవ్విందంటే మీ ముఖం కనిపించిందన్నమాటే.

*4–6 నెలలు.* వస్తువు కోసం చెయ్యి చాపాలి. మొదట తడబడి, ముందుకో పక్కకో పోతుంది. రెండు కళ్లలో పడే బొమ్మలను కలుపుకుని లోతు పట్టే శక్తి 3–5 నెలల మధ్య మొదలవుతుంది కాబట్టి, గురి మెల్లమెల్లగా కుదురుతుంది. రంగుల సంగతికి తొందరపడకండి. 3–4 నెలలకల్లా చాలావరకు రంగుల తేడా పట్టేస్తారు, ఇంట్లో దాన్ని పరీక్షించే నమ్మకమైన దారి లేదు.

*7–12 నెలలు.* నేల మీద పడ్డ చిన్న నలుసును చూసి ఏరడానికి ప్రయత్నిస్తుంది. గదికి అటు చివర నిలబడ్డ మనిషిని, ఆ మనిషి మాట్లాడకముందే గుర్తుపడుతుంది. 8–9 నెలలకు బొమ్మ మీద గుడ్డ కప్పితే గుడ్డ లాగి వెతుకుతుంది. అంతకుముందు వెతకకపోతే కంగారు వద్దు.

4. రెండు కళ్లూ విడివిడిగా

ఒక కంటి చూపు బాగుంటే రెండో కన్ను మందగించిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు. బిడ్డ ఆడుతుంది, చూస్తుంది, నవ్వుతుంది. అందుకే 4 నెలలు దాటాక ఇలా చేయండి. బిడ్డ ఏదైనా బొమ్మను శ్రద్ధగా చూస్తున్నప్పుడు మీ అరచేతిని ఒక కంటికి అడ్డంగా, తాకకుండా పెట్టండి. కాసేపాగి రెండో కంటికి పెట్టండి. రెండింటికీ ఒకేలా ఉంటే, అంటే రెండుసార్లూ ఊరుకున్నా, రెండుసార్లూ చిరాకుపడినా, ఫర్వాలేదు. కుడికన్ను మూసినప్పుడు హాయిగా ఆడుకుంటూ, ఎడమకన్ను మూయగానే ప్రతిసారీ చెయ్యి తోసేస్తుంటే కుడికంటిని అనుమానించాలి. రెండు మూడు వేర్వేరు రోజుల్లో చేసి చూశాకే నిర్ణయానికి రండి.

మెల్ల విషయం. మొదటి 3–4 నెలల్లో కళ్లు అప్పుడప్పుడూ దారి తప్పి మళ్లీ సర్దుకోవడం మామూలే. 4 నెలలు దాటాక కూడా అలా పోతుంటే చూపించాలి. ఏ వయసులోనైనా ఒక కన్ను ఎప్పుడూ పక్కకే ఉండిపోతే 4 నెలలదాకా ఆగకూడదు. ముక్కు మొదలు వెడల్పుగా ఉన్న పిల్లలకు మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. దీన్ని ఫొటోలో తేల్చుకోవచ్చు. బిడ్డ నేరుగా కెమెరాను చూస్తున్నప్పుడు మీటరు దూరం నుంచి ఫ్లాష్‌తో ఒక్క ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. వెలుగు చుక్క రెండు కళ్లలోనూ ఒకే చోట పడితే కళ్లు నిటారుగా ఉన్నట్టు. టార్చి వేసి కళ్లలోకి కొట్టొద్దు.

అదే ఫొటోలో ఇంకోటి చూడండి. కంటిపాప ఎర్రగా మెరిస్తే మామూలే. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే, లేదా రెండూ తెల్లగా మెరిస్తే, కంటి డాక్టర్ దగ్గరికి ఆ వారంలోనే వెళ్లాలి. కెమెరా కోణం వల్ల కూడా ఒక్కోసారి అలా పడుతుంది, నిజమే. కానీ పుట్టుకతో వచ్చే శుక్లం, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ ఇలాగే బయటపడతాయి. దట్టమైన శుక్లాన్ని మొదటి 6–8 వారాల్లో తీయిస్తే చూపు బాగా వచ్చే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే కన్ను బాగైనా, దాని నుంచి వచ్చే బొమ్మను చదవడం మెదడుకు అలవాటు కాదు.

5. వినికిడి

పెద్దపెద్ద చప్పుళ్లతో పరీక్షించడమే అందరూ చేసేది. చప్పట్లు కొడితే గాలి ముఖానికి తగులుతుంది, చేతుల నీడ కదులుతుంది. తలుపు దభాలున వేస్తే మంచం అదురుతుంది. బాగా వినికిడి తగ్గిన బిడ్డ కూడా వీటికి ఉలిక్కిపడొచ్చు. పైగా కొందరికి చెవుడు పూర్తిగా ఉండదు, కీచుగా ఉండే సన్నని శబ్దాలే వినపడవు. అలాంటి బిడ్డ దభేలుమన్న చప్పుడుకు గంతేస్తుంది గానీ, రేపు మాటల్లోని "స", "ష" పట్టుకోలేదు.

3 నెలల లోపు చేయగలిగింది తక్కువ. నిమ్మళంగా ఉన్నప్పుడు పక్క నుంచి గిలక్కాయ ఆడిస్తే కనురెప్పలు కొట్టుకోవడం, పాలు తాగడం ఒక్క క్షణం ఆపడం, కళ్లు పెద్దవి చేయడం, కదలిక ఆగడం, వీటిలో ఏదో ఒకటి కనిపించాలి. పుట్టిన కొత్తలో శబ్దం వైపు నెమ్మదిగా తల తిప్పిన బిడ్డ రెండో నెలలో తిప్పడం మానేసి, 4–5 నెలలకు మళ్లీ మొదలుపెట్టడం కూడా ఉంది. ఒక్క దాన్ని పట్టుకుని వినికిడి పోయిందనుకోకండి.

6 నెలలు దాటి, ఆసరాతో కూర్చోగలిగిన బిడ్డకు అసలు పరీక్ష ఇదీ:

అ. బిడ్డను ఒకరి ఒళ్లో, ముందుకు చూసేలా కూర్చోబెట్టండి. ఒళ్లో పట్టుకున్నవాళ్లు కదలకూడదు, శబ్దం వచ్చినప్పుడు ఆ వైపు చూడకూడదు.

ఆ. ఒకరు ఎదురుగా ఉండి బొమ్మతో బిడ్డ చూపును నిలపాలి. తర్వాత బొమ్మను చేతిలో దాచేయాలి. ఆ ఖాళీ క్షణంలోనే శబ్దం రావాలి. బొమ్మ ఆడుతుండగా శబ్దం చేస్తే, వినపడినా బిడ్డ తిరగదు.

ఇ. శబ్దం చేసే మనిషి బిడ్డకు కనపడకుండా, పక్కకూ కాస్త వెనక్కూ, చెవి ఎత్తులో, రెండు మూడు జానల దూరంలో ఉండాలి. నీడ పడకూడదు, సెంటు వాసన రాకూడదు, ఊపిరి తగలకూడదు. ఇద్దరే ఉంటే ఒళ్లో పట్టుకునే పనికి దిండ్ల ఆసరా వాడి, ఒకరు ఎదురుగా, ఒకరు వెనక ఉండండి.

ఈ. మెల్లగా చేయండి: ఒకసారి లోగొంతుతో "ఊ ఊ", ఒకసారి "స్ స్ స్", ఒకసారి కాగితం నలిపిన చప్పుడు. కుడివైపు, ఎడమవైపు వరస లేకుండా మార్చండి. మధ్యలో ఏ శబ్దమూ చేయకుండా ఊరికే ఆగండి.

ఆ ఊరికే ఆగడం ఎందుకంటే, కొందరు పిల్లలు అలవాటుగా అటూ ఇటూ తిరుగుతుంటారు. శబ్దం లేనప్పుడు కూడా అంతే తిరిగితే ఇందాకటి తిరుగుళ్లను లెక్కలోకి తీసుకోలేం. ఎటు నుంచి శబ్దం చేసినా ఒకే వైపు తిరిగితే రెండో చెవిని చూపించాలి. "ఊ"కు తిరిగి "స్"కు తిరగకపోతే అది కూడా చూపించాల్సిందే. 6 నెలలకు పక్కల శబ్దాలే చాలు, పైనుంచి వచ్చే శబ్దాన్ని వెతకడం చివరగా వస్తుంది.

*పేరు.* 9 నెలలకల్లా చాలామంది పేరుకు తిరుగుతారు. అయితే మీ గొంతుకు తిరిగారా, పేరుకు తిరిగారా? అదే స్వరంలో, అంతే పొడవున్న ఇంకో పేరు రెండుసార్లు పిలిచి, ఆ తర్వాత అసలు పేరు పిలవండి. తేడా తెలుస్తుంది. ఇంట్లో తలా ఒక ముద్దుపేరు పెట్టి పిలుస్తుంటే కొంచెం ఆలస్యం కావచ్చు. ఏడాది నిండినా ఏ పిలుపుకూ తిరగకపోతే డాక్టర్‌కు చెప్పండి. ముందు వినికిడి పరీక్ష, తర్వాతే మిగతావి.

*"ఉంగా ఉంగా అంటోంది, చెవుడెలా ఉంటుంది?"* ఈ ధీమా వదిలేయండి. వినికిడి లేని పిల్లలూ మొదటి నెలల్లో ఊ కొడతారు, కేరింతలు కొడతారు. తేడా తెలిసేది తర్వాత. "బబబ", "దదద" అంటూ అక్షరాలు గుచ్చినట్టు పలకడం 10 నెలలకు రాకపోయినా, వచ్చింది ఆగిపోయినా, వినికిడి పరీక్ష చేయించండి.

ఫోన్లో పాటలు, వీడియోలు పెడితే చెవులూ కళ్లూ త్వరగా పదునెక్కుతాయా? పసిపిల్లలు భాష నేర్చుకునే తీరును పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల 9 నెలల పిల్లలు, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే చైనా భాషలోని శబ్దాల తేడా పట్టారు. అదే వీడియోలో చూపిస్తే పట్టలేదు. ఏడాదిలోపు బిడ్డకు స్క్రీన్ వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో చెప్పింది. నిద్రపుచ్చే హోరు శబ్దాల యంత్రం వాడితే తొట్టికి కనీసం 2 మీటర్ల దూరంలో, వాల్యూమ్ తగ్గించి పెట్టండి. నిద్రపట్టాక ఆపేయండి.

6. స్పర్శ, వాసన, రుచి

ఇవి పుట్టేసరికే బాగా పనిచేస్తుంటాయి, పరీక్షల అవసరం పెద్దగా రాదు. బుగ్గ మీద వేలితో రాస్తే అటు తల తిప్పి నోరు తెరవడం, అరచేతిలో వేలు పెడితే పట్టేయడం చూడండి. కుడి ఎడమలు సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. మొదటిది 4 నెలలకు, రెండోది 5–6 నెలలకు మాయమవుతుంది. "ఇదివరకు పట్టుకునేది, ఇప్పుడు పట్టుకోవట్లేదు" అని కంగారుపడకండి.

తల్లి పాల వాసనను బిడ్డ మొదటి వారంలోనే వేరుగా గుర్తుపడుతుంది. తీపికి మొగ్గు పుట్టుకతోనే ఉంటుంది. అలాగని నాలుక మీద తేనె, ఉప్పు, చేదు రాసి పరీక్షించొద్దు. తేనె ఏడాదిలోపు అసలు వద్దు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నోట్లో పెట్టుకోవడాన్ని మాన్పించాలని చూడకండి. ఈ వయసులో వస్తువు ఆకారం, గరుకుదనం నోటితోనే తెలుసుకుంటుంది. టాయిలెట్ పేపర్ చుట్టే అట్టగొట్టంలోంచి దూరిపోయే వస్తువేదీ అందకుండా చూస్తే చాలు.

7. లోతు: ఇక్కడ పరీక్ష చేయొద్దు

"మా వాడు మంచం అంచుకు వచ్చి ఆగిపోతాడు, తెలివైనవాడు" అంటారు. ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనస్తత్వవేత్తలు 1960లో ప్రచురించిన ప్రయోగంలో, కింద లోతు కనిపించే గాజు బల్ల మీద 6–14 నెలల పిల్లల్ని వదిలితే, కదిలిన 27 మందిలో ముగ్గురే లోతు వైపు పాకారు. దీన్ని చూసి పిల్లలకు అంచు తెలుసని ధైర్యపడతారు. అదే ప్రయోగంలో కొందరు వెనక్కి తిరగబోయి లోతు వైపు గాజు మీదకే జరిగారు. గాజు లేకపోతే పడిపోయేవారే. లోతు కనిపించడం వేరు, ఒళ్లు ఆపుకోవడం వేరు. పాకడంలో ఆరితేరిన బిడ్డ కూడా నడక మొదలుపెట్టగానే జాగ్రత్తలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మంచం మీద ఒంటరిగా వదలొద్దు, మెట్లకు అడ్డు పెట్టండి.

8. రాసుకోండి, ఆపై తేల్చుకోండి

తేదీ, సరిచేసిన వయసు, ఏం చేశారు, బిడ్డ ఏం చేసింది, నాలుగు ముక్కలు చాలు. "బాగా చూసింది" అని కాకుండా "ఎడమ నుంచి మధ్య దాకా వచ్చి ఆగింది" అని రాయండి. ఒక్కసారి జవాబు రాకపోతే దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. వారంలో మూడు వేర్వేరు మంచి సమయాల్లోనూ రాకపోతే చూపించాలి. పక్కింటి బిడ్డతో పోల్చకండి, మీ బిడ్డనే పోయిన నెలతో పోల్చండి. వచ్చిన పని పోవడం, ఆలస్యంగా రావడం కన్నా తీవ్రమైనది.

కిందివి కనిపిస్తే మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ కూర్చోకుండా నేరుగా వెళ్లండి:

- కంటిపాపలో తెలుపు. నల్లగుడ్డు పెద్దదిగా లేదా మసకగా ఉండి, నీరు కారుతూ, వెలుతురు చూడలేకపోవడం.
- 3 నెలలకు ముఖం మీద చూపు నిలవకపోవడం, కళ్లు ఆగకుండా ఊగుతుండటం, కళ్లను వేళ్లతో పదే పదే నొక్కుకోవడం.
- 6 నెలలకు ఏ శబ్దానికీ తిరగకపోవడం.
- మెదడువాపు, మెదడు పొరల వాపు వచ్చి తగ్గాక. వినికిడి అప్పుడు తప్పక చూపించాలి.
- ఎక్కువ రోజులు ఐసీయూలో ఉన్నా, కామెర్లకు రక్తం మార్చాల్సి వచ్చినా, ఇంట్లో చిన్నప్పటి నుంచి చెవుడున్నవాళ్లు ఉన్నా.

స్క్రీనింగ్ నెలలోపు, తేడా ఉంటే నిర్ధారణ 3 నెలల్లోపు, సాయం 6 నెలల్లోపు మొదలవ్వాలన్నది వినికిడి నిపుణులు పాటించే లెక్క. పుట్టినప్పుడు స్క్రీనింగ్ పాసైనా తర్వాత వినికిడి తగ్గే అవకాశం ఉంది కాబట్టి, పాత రిపోర్టు చూసుకుని ఊరుకోకండి.

ఆస్పత్రిలో చేసే వినికిడి పరీక్షలు రెండు: ఓఏఈ, బెరా. ఓఏఈలో చెవిలో చిన్న మెత్తటి గొట్టం పెట్టి, లోపలి చెవి ఇచ్చే ప్రతిధ్వనిని కొలుస్తారు, నిమిషాల పని. బెరాలో తలకు పట్టీలు అంటించి, శబ్దానికి నరం స్పందిస్తోందా అని చూస్తారు. రెండూ నొప్పి లేనివే. బెరాకు మాత్రం బిడ్డ నిద్రపోవాలి. అందుకని వెళ్లే దారిలో నిద్రపోనివ్వకుండా, ఒక పూట పాలు కాస్త ఆలస్యం చేసి, అక్కడికి చేరాక పట్టండి. తాగుతూ తాగుతూ నిద్రలోకి జారుకుంటుంది. నిద్రమందు ఇస్తామంటే కడుపు ఎన్ని గంటలు ఖాళీగా ఉంచాలో ముందురోజే ఫోన్ చేసి అడగండి, అప్పుడు ఈ పాల ఉపాయం పనికిరాదు. మీరు తీసిన వీడియోలు, నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.